వైట్ టౌన్ వారసత్వ హోటళ్ళు (పుదుచ్చేరి)

పుదుచ్చేరి నగరంలో బంగాళాఖాతపు ఒడ్డున ఉన్న పాత ఫ్రెంచి పేటను వైట్ టౌన్ అంటారు. పూర్వం నివాస గృహాలుగానో, ప్రభుత్వ కార్యాలయాలుగానో ఉండి, తరువాతి కాలంలో యాత్రికుల వసతి గృహాలుగా మార్చబడిన ఈ పేటలోని భవనాలను వారసత్వ హోటళ్ళు అని వ్యవహరిస్తారు. ఎత్తైన ప్రహరీ గోడలు, వాటి వెనుక పూలతోటలు, స్తంభాల వసారాలు, పసుపు రంగు సున్నపు గోడలు వీటి సామాన్య లక్షణాలు. వీటిలో అధిక భాగం పది నుండి ఇరవై గదులకు మించని చిన్న హోటళ్ళే.

శిథిలమై కూలిపోవలసిన అనేక భవనాలను నిలబెట్టినది హోటలు వ్యాపారమే. అయితే ఇళ్ళన్నీ హోటళ్ళయితే పేటలో కాపురముండేవారు మిగలరన్న ఆందోళన కూడా ఉన్నది. కావున ఈ హోటళ్ళ చరిత్ర ఒక విధంగా ఆ పేట మనుగడ చరిత్రే.

హోటలు అనే పదం

ఫ్రెంచి భాషలో ఈ పదాన్ని "ఓతెల్" అని పలుకుతారు. దానికి మొదట ఉన్న అర్థం వసతి గృహం మాత్రమే కాదు. పట్టణంలో సంపన్నులు కట్టుకొన్న పెద్ద భవంతిని కూడా ఓతెల్ అనేవారు. పురపాలక భవనాన్ని నేటికీ ఫ్రెంచివారు "ఓతెల్ ద విల్" అంటారు. పుదుచ్చేరిలోని పురపాలక భవనానికి సైతం ఆ పేరు ఉండేది. తెలుగునాట ఈ పదం మరొక దారి పట్టింది. ఇక్కడ హోటలు అనగా ప్రధానంగా ఫలహారశాల లేదా భోజనశాల. రాత్రి బసకు లాడ్జి అనే పేరు స్థిరపడినది. అంతకు పూర్వం బాటసారులకు సత్రాలు, పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి.

వైట్ టౌన్‌లో ఈ అర్థాలన్నీ కలిసిపోయాయి. ఫ్రెంచివారి పాత అర్థంలో ఓతెల్‌గా, అనగా భవంతిగా కట్టబడిన ఇల్లే, నేటి అర్థంలో హోటలు అయినది.

పేట స్వరూపం

పుదుచ్చేరి నగరం చెన్నైకి దక్షిణంగా సుమారు 150 కి.మీ. దూరంలో ఉన్నది. పాత పట్టణం కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండి, చుట్టూ వెడల్పైన రహదారులను కలిగి ఉన్నది. లోపలి వీధులు చదరంగపు గళ్ళవలె ఒకదానినొకటి నిలువుగా ఖండించుకొంటాయి. ఉత్తర దక్షిణాలుగా పారే ఒక కాలువ ఈ పట్టణాన్ని రెండుగా విభజిస్తున్నది. కాలువకు తూర్పున, సముద్రం వైపు ఉన్నది వైట్ టౌన్. పడమట ఉన్నది తమిళ పేట. వలస పాలనా కాలంలో తూర్పు భాగాన్ని తెల్లవారి పట్టణమనీ, పడమటి భాగాన్ని నల్లవారి పట్టణమనీ పిలిచేవారు. వైట్ టౌన్ అన్న పేరు ఆ వివక్షకు గుర్తుగా మిగిలినదే.

కాలువ నుండి సముద్రానికి దూరం సుమారు అర కిలోమీటరు మాత్రమే. అందువలన పేటలో ఎక్కడ బస చేసినను కొద్ది నిమిషాల నడకలో సముద్రం చేరుకొనవచ్చును. తీరం వెంబడి గూబేర్ అవెన్యూ అనే రహదారి సుమారు ఒకటిన్నర కిలోమీటరు పొడవున సాగుతున్నది. దానికి సమాంతరంగా ద్యుమా, రోమా రొలాఁ, సుఫ్రేఁ వీధులున్నాయి. వీధుల పేర్లు నీలి రంగు పలకల మీద ఫ్రెంచి, తమిళ భాషలలో వ్రాయబడి ఉంటాయి.

చరిత్ర

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పక్షాన ఫ్రాన్సువా మార్తేఁ 1674లో ఇక్కడ స్థావరాన్ని స్థిరపరచాడు. 1693లో డచ్చివారు దీనిని ఆక్రమించి, 1699 వరకు తమ అధీనంలో ఉంచుకొన్నారు. చదరంగపు గళ్ళవంటి వీధుల ప్రణాళిక డచ్చివారి కాలానికి చెందినదే. 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచివారు సముద్రం ఒడ్డున సెయింట్ లూయీ కోటను నిర్మించారు. 1742 నుండి 1754 వరకు గవర్నరుగా ఉన్న డూప్లే కాలంలో పట్టణం ఉచ్ఛస్థితికి చేరుకొన్నది.

1761 జనవరిలో ఆంగ్లేయులు పుదుచ్చేరిని జయించి, కోటతో పాటు తెల్లవారి పేటను నేలమట్టం చేశారు. పారిస్ సంధి తరువాత 1765లో పట్టణం తిరిగి ఫ్రెంచివారికి దక్కినది. పాత పునాదుల మీద, పాత వీధుల వరుసలోనే క్రొత్త ఇళ్ళు లేచాయి. నేడు వైట్ టౌన్‌లో కనిపించే అతి ప్రాచీనమైన ఇళ్ళు కూడా సాధారణంగా ఈ పునర్నిర్మాణానికి తరువాతివే. ఆ పిమ్మట పట్టణం మరి రెండు పర్యాయాలు ఆంగ్లేయుల చేతికి పోయి, చివరకు 1816లో ఫ్రెంచివారికి తిరిగి వచ్చినది.

1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారతదేశానికి అప్పగించబడినది. 1956 మే 28న కుదిరిన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమలులోకి వచ్చి, విలీనం చట్టబద్ధమైనది. 2006లో పాండిచ్చేరి అన్న అధికారిక నామం పుదుచ్చేరిగా మారినది.

ఇళ్ళ నిర్మాణం

వైట్ టౌన్ ఇల్లు వీధికి ముఖం చూపదు. వీధి అంచున ఎత్తైన గోడ, అందులో పెద్ద ద్వారం ఉంటాయి. ద్వారం దాటగానే తోట లేక ఆవరణ, దాని ఎదుట స్తంభాల వసారా, వసారా వెనుక గదులు ఉంటాయి. గదుల పైకప్పు మిక్కిలి ఎత్తుగా ఉంటుంది. కిటికీలకు ఏటవాలు చెక్క పట్టీలు కలిగిన రెక్కలుంటాయి. ఎండను ఆపుతూనే గాలిని లోనికి పంపడం వాటి పని. మధ్యాహ్నం తరువాత సముద్రం నుండి వీచే గాలి వసారాల గుండా గదులలో ప్రవేశించి, వేడి గాలిని పైకి నెట్టివేస్తుంది.

గోడలు ఇటుక, సున్నంతో కట్టబడినవి. పైపూత నున్నని సున్నపు గార. పైకప్పు మద్రాసు మిద్దె పద్ధతికి చెందినది. టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి, సున్నంతో అతికి, దాని మీద ఇటుక ముక్కలు కలిపిన సున్నపు గచ్చును దిమ్మిసతో కొట్టి గట్టిపరుస్తారు. సున్నం తేమను పీల్చుకొని, తిరిగి విడిచిపెట్టగలదు. ఉప్పుగాలి వీచే తీరప్రాంతంలో ఈ గుణం ముఖ్యమైనది.

కాలువకు పడమట ఉన్న తమిళ ఇంటి తీరు వేరు. దానికి వీధి వైపున అరుగు, అరుగు ముందు కాలిబాట మీదికి చెక్క స్తంభాలతో దింపిన పంచ, లోపల ఆకాశం కనిపించే ముంగిలి ఉంటాయి. తెలుగు పాఠకులకు పరిచయమైన మండువా లోగిలికి ఇది దగ్గరి చుట్టము. క్రింది అంతస్తు తమిళ పద్ధతిలోను, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతిలోను కట్టిన మిశ్రమ గృహాలు కూడా తమిళ పేటలో కనిపిస్తాయి.

ఇళ్ళు హోటళ్ళుగా మారిన తీరు

విలీనం తరువాత పుదుచ్చేరివాసులకు ఫ్రెంచి పౌరసత్వాన్ని నిలుపుకొనే అవకాశం ఇవ్వబడినది. ఆ విధంగా ఫ్రెంచి పౌరులుగా ఉండిపోయిన కుటుంబాలలో అనేకం ఫ్రాన్సులో స్థిరపడ్డాయి. వారి ఇళ్ళు కొన్ని తాళాలు వేయబడి, కొన్ని అనేకమంది వారసుల ఉమ్మడి ఆస్తిగా మిగిలి, మరమ్మతుకు నోచుకోలేదు. సున్నపు ఇల్లు ఏటేటా వెల్ల వేయించి, మిద్దె పగుళ్ళు పూడ్పించి కాపాడుకోవలసినది. కొన్ని వర్షాకాలాలు పట్టించుకోకపోతే నీరు దూలాల కొనలకు చేరి, చెక్క పుచ్చి, కప్పు కూలుతుంది. పాత ఇంటిని కూల్చి, అంతస్తుల మేడ కట్టడం యజమానికి సులభమైన మార్గంగా తోచేది.

1984లో ఏర్పడిన భారతీయ కళా సాంస్కృతిక వారసత్వ జాతీయ ట్రస్టు (ఇంటాక్) పుదుచ్చేరి శాఖ పాత భవనాలను గుర్తించి, జాబితా వేసి, వీధి ముఖాల పునరుద్ధరణకు యజమానులకు కొంత ఆర్థిక సహాయం, సాంకేతిక సలహా అందించసాగినది. అయితే సహాయం ఎంత లభించినను, ఇల్లు తన పోషణ ఖర్చును తానే సంపాదించుకొనవలసి ఉన్నది. కుటుంబాలకు భారమైన పది గదుల ఇల్లు యాత్రికులకు ఆకర్షణ అయినది. ఈ కారణం చేత 1990ల చివరి నుండి వైట్ టౌన్ ఇళ్ళు ఒకటొకటిగా హోటళ్ళుగా మారసాగాయి.

ప్రముఖ హోటళ్ళు

హోటల్ ద లోరియాఁ: రోమా రొలాఁ వీధిలో ఉన్నది. 18వ శతాబ్దికి చెందిన ఈ భవనంలో ఒకప్పుడు విద్యాశాఖ కార్యాలయం ఉండేది. పాత భవనాల పునరుద్ధరణలో పేరొందిన నీమ్రానా సంస్థ దీనిని బాగుచేయించి హోటలుగా మార్చినది. ఆవరణ చుట్టూ వసారాలు, వాటిలోనికి తెరచుకొనే గదులు దీని ప్రత్యేకత.

లె డూప్లే: కాసెర్న్ వీధిలోని ఈ భవంతి పూర్వం పుదుచ్చేరి మేయరు నివాసం. పాత భవంతికి ఆధునిక సౌకర్యాలను చేర్చి హోటలుగా తీర్చిదిద్దారు.

విల్లా శాంతి: సుఫ్రేఁ వీధిలో ఉన్నది. పాత ఇంటి ముందు భాగాన్ని ఉంచి, వెనుక ఆధునిక పద్ధతిలో క్రొత్త గదులను కట్టారు. పాతదానిని అనుకరించక, క్రొత్తది క్రొత్తదిగానే కనిపించేలా కట్టడం ఇందులోని విశేషం.

పాలే ద మాహే: బుస్సీ వీధిలోని ఈ హోటలు పాత శైలిలో నిర్మించబడిన క్రొత్త కట్టడం. పసుపు గోడలు, వసారాలు చూచి దీనిని పాత భవనమని పొరబడేవారు కలరు. వైట్ టౌన్‌లో పాత ఇంటికి, పాత ఇంటివలె కట్టిన ఇంటికి గల భేదం తెలుసుకొనుటకు ఇది మంచి ఉదాహరణ.

మేజోఁ పెరుమాళ్: ఇది వైట్ టౌన్‌లో కాక, కాలువకు ఆవల తమిళ పేటలోని పెరుమాళ్ కోయిల్ వీధిలో ఉన్నది. ముంగిలి, చెక్క స్తంభాలు కలిగిన చెట్టియార్ల ఇంటిని హోటలుగా మార్చారు. రెండు పేటల గృహ నిర్మాణాన్ని పోల్చి చూడదలచినవారు ఇక్కడ కూడా బస చేస్తుంటారు.

ఆశ్రమ అతిథి గృహాలు

శ్రీ అరవిందులు 1910 ఏప్రిల్ 4న పుదుచ్చేరికి వచ్చారు. ఆశ్రమం 1926 నవంబరు 24న ఏర్పడినది. పేటలోని అనేక భవనాలు ఆశ్రమానికి చెందినవి. బూడిద రంగు, తెలుపు కలిసిన గోడలను బట్టి వాటిని సులభంగా గుర్తించవచ్చును. సందర్శకుల కొరకు ఆశ్రమం అతిథి గృహాలను నడుపుతున్నది. గూబేర్ అవెన్యూ దక్షిణపు కొసన ఉన్న పార్క్ గెస్ట్ హౌస్ వీటిలో ప్రసిద్ధమైనది. తోట, దాని ఆవల సముద్రం గదుల నుండే కనిపిస్తాయి. వారసత్వ హోటళ్ళతో పోలిస్తే అద్దె తక్కువ. ధూమపానం, మద్యపానం నిషిద్ధం. రాత్రి నిర్ణీత సమయానికి ద్వారం మూసివేస్తారు. అరవిందుల జయంతి అయిన ఆగస్టు 15, మదర్ జయంతి అయిన ఫిబ్రవరి 21 వంటి దర్శన దినాలలో ఇక్కడ గది దొరకడం కష్టం.

గోల్కొండ్

బస అనే విషయానికి సంబంధించి పేటలో ప్రత్యేకంగా పేర్కొనదగిన భవనం గోల్కొండ్. ఇది హోటలు కాదు, ఆశ్రమవాసుల నివాసం. బొహీమియాలో జన్మించిన వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ దీనికి రూపకల్పన చేయగా, జార్జి నకషిమా, ఫ్రాన్సువా సామర్ నిర్మాణంలో పాల్గొన్నారు. 1930ల చివరి సంవత్సరాలలో మొదలైన పని 1940లలో పూర్తయినది. ఉక్కు కడ్డీల కాంక్రీటుతో భారతదేశంలో కట్టబడిన తొలి ఆధునిక భవనాలలో ఇది ఒకటి.

ఈ భవనానికి హైదరాబాదు దివానుగా ఉన్న సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వం నుండి విరాళం లభించినది. అందుకు గుర్తుగా గోల్కొండ పేరు పెట్టారు. గోడలకు బదులు పై నుండి క్రింది వరకు తిప్పగల పలకల వరుసలు అమర్చారు. వాటిని తెరచిన కొలదీ గాలి గదుల గుండా సాగిపోతుంది. యంత్రాలతో చల్లబరచవలసిన అవసరం లేకుండా సముద్రతీరంలో నివసించే విధానాన్ని ఈ భవనం క్రొత్త సామగ్రితో సాధించి చూపినది. పాత ఇళ్ళలోని వసారాలు, పట్టీల కిటికీలు సున్నంతో, చెక్కతో చేసిన పనినే ఇది కాంక్రీటుతో చేసినది. దీనిని చూడదలచినవారు ఆశ్రమ అనుమతి పొందవలెను.

బస విశేషాలు

వారసత్వ హోటలులో బస చేయువారు గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

గదులు ఒకదానివలె మరొకటి ఉండవు. ఒకే అద్దెకు ఒకరికి వసారా గది, మరొకరికి మిద్దె మీది చిన్న గది లభించవచ్చును. గది స్థానాన్ని ముందుగా అడిగి తెలుసుకొనుట మంచిది.

చాలా ఇళ్ళలో లిఫ్టు ఉండదు. చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి. వృద్ధులు, మోకాలి నొప్పులు కలవారు క్రింది అంతస్తు గదిని కోరవలెను.

సున్నపు గోడలపై తేమ మరకలు, అక్కడక్కడ రాలిన గార కనిపించుట సహజం. అది ప్రతిసారి అశ్రద్ధకు గుర్తు కాదు.

వీధులు ఇరుకు, కారు నిలుపుకొనే స్థలం తక్కువ. సాయంత్రం నుండి మరునాటి ఉదయం వరకు గూబేర్ అవెన్యూలో వాహనాలను అనుమతించరు. ఆ సమయంలో రహదారి మొత్తం పాదచారులదే.

ఈశాన్య ఋతుపవనాల వలన అక్టోబరు నుండి డిసెంబరు వరకు భారీ వర్షాలు, అప్పుడప్పుడు తుపానులు వస్తాయి. జనవరి, ఫిబ్రవరి నెలలు ఆహ్లాదకరంగా ఉంటాయి. వారాంతాలలో చెన్నై, బెంగుళూరుల నుండి వచ్చే యాత్రికుల రద్దీ అధికం. ఏకాంతం కోరువారికి వారం మధ్య రోజులు అనుకూలం.

తెల్లవారుజామున వీధులలో నడుచుట ఇక్కడి బసలో ఉత్తమమైన భాగం. సూర్యోదయం నేరుగా సముద్రం మీద కనిపిస్తుంది. గోడల మీదుగా వీధిలోనికి వాలిన కాగితపు పూల తీగలు, ఇళ్ళ ముందు ముగ్గులు, రొట్టెల దుకాణాల నుండి వచ్చే వాసన ఆ వేళలోనే తెలుస్తాయి. పగటి పర్యాటకుడు ఇవి ఎరుగడు.

పరిసరాలలో చూడదగినవి

భారతి పార్కు: సెయింట్ లూయీ కోట ఉండిన ప్రదేశం సమీపంలోనిది. మధ్యలో ఆయి మండపం కలదు. మూడవ నెపోలియన్ కాలంలో పట్టణానికి మంచినీరు తెచ్చిన సందర్భంగా దీనిని కట్టారు.

పాత దీపస్తంభం: 1836లో మొదటిసారి వెలిగించబడినది. ప్రస్తుతం వాడుకలో లేదు.

గాంధీ విగ్రహం: తీరాన ఎనిమిది రాతి స్తంభాల మధ్య ఉన్నది. ఈ స్తంభాలు జింజి నుండి తేబడినవని చెబుతారు.

నోత్ర్ దామ్ దేజాంజ్ చర్చి: 1855లో పూర్తయినది. సముద్రానికి ఎదురుగా ద్యుమా వీధి మీద ఉన్నది.

మనకుళ వినాయక ఆలయం: ఫ్రెంచివారి రాకకు పూర్వమే ఉన్నదని ప్రతీతి. ఈ ఆలయంలో భక్తులను దీవించే లక్ష్మి అనే ఏనుగు 2022 నవంబరులో మరణించినది.

ఫ్రెంచి ఇన్‌స్టిట్యూటు: 1955లో స్థాపించబడినది. ఇక్కడి శైవ తాళపత్ర గ్రంథాల సంపద 2005లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చబడినది.

సముద్రతీరం

వైట్ టౌన్ తీరం ఇసుక తిన్నెలది కాదు; పెద్ద బండరాళ్ళది. ఒకప్పుడు ఇక్కడ విశాలమైన ఇసుక తీరం ఉండేది. నగరానికి దక్షిణాన 1980ల చివరలో నిర్మించిన నౌకాశ్రయపు అడ్డుగోడలు ఇసుక సహజ ప్రవాహాన్ని ఆపివేశాయి. ఈ తీరంలో అలలు సంవత్సరంలో అధిక కాలం ఇసుకను దక్షిణం నుండి ఉత్తరానికి తరలిస్తాయి. దారిలో గోడ అడ్డు వచ్చినప్పుడు ఇసుక దక్షిణాన మేట వేసి, ఉత్తరాన తీరం కోతకు గురవుతుంది. వైట్ టౌన్ ఆ గోడకు ఉత్తరాన ఉన్నది. కోతను ఆపుటకే బండరాళ్ళు పోయబడినవి.

జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఆధ్వర్యంలో తీరం సమీపాన నీటి అడుగున ఒక ఉక్కు నిర్మాణం 2018లో దింపబడినది. అలల ధాటిని తగ్గించి ఇసుక నిలిచేలా చేయడం దాని ఉద్దేశం. ఆ పిమ్మట సచివాలయం ఎదుట కొంత మేర ఇసుక తీరం తిరిగి ఏర్పడినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తీరపు గోడ వలన పాత పట్టణానికి పెద్దగా నష్టం కలుగలేదు. కాని సమీప మత్స్యకార గ్రామాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. బండరాళ్ళ మధ్య సముద్రంలో దిగుట ప్రమాదకరం.

తెలుగువారితో అనుబంధం

గోదావరి తీరాన, కాకినాడకు దక్షిణంగా ఉన్న యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడి ప్రజల భాష తెలుగు. పుదుచ్చేరి శాసనసభకు యానాం నుండి ఒక సభ్యుడు ఎన్నికవుతాడు. యానాం 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన నుండి విముక్తి పొందినది. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన దడాల రఫేల్ రమణయ్య పూర్వం ఫ్రెంచి ప్రభుత్వ పోలీసు శాఖలో పనిచేసినవారు. యానాం వాసులకు పుదుచ్చేరి పర్యాటక కేంద్రం మాత్రమే కాదు, రాజధాని కూడా.

డూప్లే వద్ద ద్విభాషిగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళె (1709-1761) తమిళంలో వ్రాసిన దినచర్య ఆ కాలపు చరిత్రకు ముఖ్యమైన ఆధారం. ఆయన తెలుగు కవులను కూడా ఆదరించాడు. కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము అనే తెలుగు లక్షణ గ్రంథం ఆయన పేరు మీద వెలసినదే. పిళ్ళె నివసించిన భవనం తమిళ పేటలో ఉన్నది.

ఆయి మండపం గురించిన జనశ్రుతి శ్రీకృష్ణదేవరాయలతో ముడిపడి ఉన్నది. ఈ ప్రాంతం మీదుగా వెళుతున్న రాయలు దీపాలతో వెలిగిపోతున్న ఒక భవనాన్ని దేవాలయమని భావించి మ్రొక్కాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి, కూల్చివేయుమని ఆజ్ఞాపించాడట. ఆమె తన ఇంటిని తానే కూల్పించి, ఆ చోట ప్రజలకొరకు చెరువు త్రవ్వించినదని కథ. చారిత్రక ఆధారాల కంటె ప్రజల నోట నిలిచిన కథ ఇది.

పరిరక్షణ - సమస్యలు

ఇంటిని హోటలుగా మార్చునప్పుడు ప్రతి గదికి స్నానాల గది, నీటి గొట్టాలు, చల్లబరచు యంత్రం అమర్చవలసి వస్తుంది. మద్రాసు మిద్దెకు నీరు ప్రధాన శత్రువు. పై అంతస్తు స్నానాల గది నుండి కారే కొద్దిపాటి నీరు సైతం కాలక్రమంలో దూలాన్ని పుచ్చజేస్తుంది. సున్నపు గోడ మీద సిమెంటు పూత వేసినచో లోపలి తేమ బయటకు పోలేక, ఉప్పు పేరుకొని, గోడ లోలోపల పొడి అవుతుంది. కావున పునరుద్ధరణకు సున్నపు పని ఎరిగిన మేస్త్రీలు అవసరం. వారసత్వ హోటళ్ళ వలన కలిగిన ఒక మేలు ఏమనగా, కనుమరుగవుతున్న ఈ పనివాండ్రకు తిరిగి పని దొరికినది.

సంరక్షణ ఆలస్యమైన యెడల ఏమగునో చెప్పుటకు పురపాలక భవనం ఉదాహరణ. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో గూబేర్ అవెన్యూ మీద కట్టబడిన ఈ భవనం 2014 నవంబరులో వర్షాలకు కుప్పకూలినది. ప్రపంచ బ్యాంకు సహాయంతో పాత రూపంలోనే తిరిగి నిర్మించబడి, 2021 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. చూపులకు అది పాత భవనమే. కాని పాత గోడలు, దూలాలు మరి లేవు.

రెండవ సమస్య జనజీవనానికి సంబంధించినది. పేటలో హోటళ్ళు, ఫలహారశాలలు, దుకాణాలు పెరిగిన కొలదీ అద్దెలు, స్థలాల వెలలు పెరిగి, సామాన్య కుటుంబాలు అక్కడ ఉండుట కష్టమవుతున్నది. వారాంతాలలో వాహనాల రద్దీ, రాత్రివేళల శబ్దం నివాసులకు ఇబ్బందిగా మారాయి. దీనికి భిన్నమైన మార్గం తమిళ పేటలోని వైసియాల్ వీధిలో ప్రయత్నించబడినది. 2002-2004 మధ్య ఐరోపా సమాజ సహాయంతో, ఇంటాక్ పర్యవేక్షణలో ఆ వీధి ఇళ్ళ ముఖాలను వరుసగా పునరుద్ధరించారు. అరుగులు, పంచలు పూర్వ రూపం దాల్చాయి. ఇళ్ళలో అధిక భాగం ఇళ్ళుగానే మిగిలాయి. ఈ కృషికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించినది.

హోటలు ఇంటి గోడలను కాపాడగలదు. వీధిని కాపాడవలసినది అక్కడ నివసించేవారు. కొన్ని ఇళ్ళు హోటళ్ళుగా, కొన్ని పాఠశాలలుగా, గ్రంథాలయాలుగా, తక్కినవి కాపురాలుగా ఉన్నంత కాలమే వైట్ టౌన్ పట్టణ భాగంగా మిగులుతుంది. యాత్రికుని పాత్ర కూడా ఇందులో కలదు. పాత ఇంటిని పాత పద్ధతిలో కాపాడుతున్న హోటలును ఎంచుకొనుట, ఇరుగుపొరుగు ఇళ్ళ ద్వారాల వద్ద గుమికూడి ఛాయాచిత్రాలు తీయకుండుట, వీధులలో నడచి తిరుగుట వంటివి చిన్న విషయాలే అయినను పేటకు మేలు చేసేవి.

ఇవి కూడా చూడండి

పుదుచ్చేరి
యానాం
శ్రీ అరవిందాశ్రమం
ఆనందరంగ పిళ్ళె
మండువా లోగిలి